పేరు పాతదే, రీలు కొత్తది

“ఆపేసిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మళ్ళీ వచ్చిందంట కదండీ, మీరు డార్క్‌రూమ్ తెరుస్తారా?” అని ఈమధ్య కాలేజీ కుర్రాళ్ళు అడుగుతున్నారు. వచ్చిన మాట నిజమేనండి. ఒకటి కాదు, నాలుగైదు రకాలు వచ్చాయి. ఏది వచ్చింది, ఎంతవరకు వచ్చింది, అది అమలాపురం దాకా వచ్చినట్టా కాదా అన్నది మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఇక్కడే స్టూడియో నడిపినవాణ్ణి, నాన్నగారి చేతికింద హైపో (ఫిల్మ్ కడిగే మందు) వాసనలో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఫిల్మ్ సంగతి. ఇప్పటి పిల్లలకి రీలు అంటే ఫోన్లో వేలితో పైకి తోసేది. మాకు రీలంటే ఒక ప్లాస్టిక్ పట్టీ, దానిమీద జెలటిన్ పూత. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీస్తారు (ఈ ముక్క నాన్నగారు కస్టమర్లకి ఎప్పుడూ చెప్పేవారు కాదు). ఆ పూతలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు, కాస్త అయోడైడ్ కలిసి కోట్లకొద్దీ ఉంటాయి. షట్టరు తెరుచుకున్న క్షణంలో వెలుగు తగిలిన స్ఫటికంలో చిన్న మార్పు జరుగుతుంది. కంటికి కనపడదు. డెవలపర్‌లో వేస్తే ఆ తగిలినవి మాత్రమే నల్లటి వెండిగా మారతాయి. తగలనివాటిని హైపో కరిగించి లాగేస్తుంది. మిగిలిందే నెగెటివ్. మీ తాతగారి నెగెటివ్ మీ బీరువాలో ఉంటే, ఆయన ముఖం అక్కడ వెండితో ఉందన్నమాట.

వినడానికి ఇంతే. తయారీలో అసలు కష్టం పూత. ఆత్రేయపురంలో పూతరేకు వేసే ఆవిడని చూడండి. బియ్యం మారినా, పిండి చిక్కదనం మారినా, కుండ వేడి మారినా రేకు వేరేగా వస్తుంది. ఫిల్మూ అంతే, కాకపోతే ఆ పనంతా చీకట్లో జరగాలి, పొర మందం మిల్లీమీటరులో వందో వంతు దరిదాపుల్లో ఉండాలి. స్ఫటికానికి ఏయే రంగులు కనపడాలో నిర్ణయించే అద్దకాలు వేరే ఉంటాయి. వాటిల్లో ఒక్కటి తయారుచేసే కంపెనీ మానేస్తే ఫిల్మ్ కంపెనీ చేతులు ముడుచుకోవాల్సిందే. పైగా పెద్ద యంత్రం ఒకసారి తిరిగితే మైళ్ళ పొడవు ఫిల్మ్ వస్తుంది. అది ఏళ్ళ తరబడి నిలవుండే సరుకు కాదు. కొనేవాళ్ళు తగ్గాక యంత్రం తిప్పితే నష్టం, తిప్పకపోతే ఫిల్మే లేదు.

అలా ఆగిపోయినవాటిలో జపాన్‌వాళ్ళ ఫ్యూజీ నియోపాన్ ఆక్రోస్ 100 ఒకటి. గిరాకీ పడిపోయింది, ముడిసరుకు దొరకడం లేదు అంటూ 2018లో ఆపేస్తున్నట్టు చెప్పారు. బ్లాక్ అండ్ వైట్ వాడేవాళ్ళు ప్రపంచమంతటా గోల పెట్టారు. మరుసటి ఏడు నవంబరులో ఆక్రోస్ 2 బజారులోకి వచ్చింది. దొరకని ముడిసరుకు బదులు వేరేవి వెతికి, తయారీ పద్ధతి మార్చి చేశామన్నారు. డబ్బా తిప్పి చూస్తే బ్రిటన్‌లో తయారైనట్టు రాసి ఉంటుంది. జపాన్ ఫిల్మ్ ఇంగ్లండులో పుట్టడమేమిటని నొచ్చుకున్నవాళ్ళున్నారు. నాకైతే ఆ పట్టింపు లేదండి. నెగెటివ్ బాగుంటే ఏ ఊరిదైతేనేం?

కొడక్ సంగతీ అలాంటిదే. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళిన కంపెనీ, ఆ ఏడే టీమాక్స్ పీ3200 ఆపేసింది. 2018లో కొడక్ అలారిస్ పేరుతో అది తిరిగొచ్చింది. దీనిమీద 3200 అని ఉంటుంది గాని అసలు వేగం, అంటే వెలుగుని పట్టుకునే చురుకు, 800, 1000 దరిదాపుల్లో ఉంటుంది. 3200 అనుకుని తీసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచాలి. గ్రైన్, అంటే ఫోటోలో కనపడే వెండి రేణువులు, ఇసకలా లేస్తుంది. అంతర్వేది కల్యాణం రాత్రి ఫ్లాష్ కొట్టకుండా తీయాలంటే ఇలాంటిదే కావాలి. కొట్టి పూజారిగారి చేత తిట్లు తినేకంటే గ్రైన్ నయం.

ఇటలీ కథ ఇంకోరకం. ఫెర్రానియా అనే పాత కంపెనీ మూతపడ్డాక, ఇద్దరు ముగ్గురు పట్టుదల మనుషులు దాని పరిశోధన విభాగంలోని చిన్న కోటింగ్ యంత్రాన్ని కాపాడుకున్నారు. 2014లో జనం దగ్గర చందాలు అడిగితే 3 లక్షల 20 వేల డాలర్లకు పైగా వచ్చాయి. రంగుల ఫిల్మ్ ఇస్తామని చందా తీసుకుని, 2017లో ముందుగా ఇచ్చింది మాత్రం పీ30 అనే బ్లాక్ అండ్ వైట్. చందా ఇచ్చినవాళ్ళలో కొందరు సణిగారు. యంత్రం చిన్నది కావడమే వాళ్ళకి కలిసొచ్చిందని నా లెక్క. తక్కువ చేసి, తక్కువ అమ్ముకోవచ్చు.

మా స్టూడియోకి ఎక్కువ ఆడింది మాత్రం ఇవేవీ కాదు, ఆర్వో. కొడక్ దిగుమతి చేసుకోవాలంటే విదేశీ మారకం కావాలి. తూర్పు జర్మనీతో మన బేరాలు రూపాయల్లో సాగేవి. అందుకని ఆ సరుకు పల్లెటూరి స్టూడియోల దాకా వచ్చింది. వోల్ఫెన్ ఊళ్ళో 1909, 10 ప్రాంతంలో ఆగ్ఫావాళ్ళు పెట్టిన కర్మాగారం అది. యుద్ధం తర్వాత దేశం రెండైతే పేరు కోసం తగువు వచ్చి, తూర్పువాళ్ళు 1964 నుంచి ఆర్వో అని పెట్టుకున్నారు. మాకు ఎన్‌పీ 20, ఎన్‌పీ 22, ఎన్‌పీ 27 వచ్చేవి. ఆ అంకెలు జర్మన్‌వాళ్ళ డిన్ లెక్క: 20 అంటే 80 వేగం, 22 అంటే 125, 27 అంటే 400. స్టూడియో లైట్ల కింద ఇరవై రెండు, పెళ్ళిపందిట్లో ఇరవై ఏడు. 120 సైజు రోలుకి పన్నెండు ఫోటోలు. పదకొండు మంది దిగాక పన్నెండోవాడు వచ్చేదాకా రోలు కడిగేవాళ్ళం కాదు. “ఎల్లుండి రండి బాబూ” అని మిగతావాళ్ళని పంపించేవారు నాన్నగారు. వాళ్ళూ ఏమీ అనుకునేవారు కాదు.

జర్మనీ ఏకమయ్యాక ఆ కర్మాగారం చితికిపోయి, 1990ల్లో మూతపడింది. ఆ పాత కట్టడంలో ఇప్పుడు ఫిల్మ్ మ్యూజియం ఉంది. 2022లో ఆర్వో పేరుతోనే వోల్ఫెన్ ఎన్‌పీ 100 అని కొత్త బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ప్రకటించారు. ఈ 100 డిన్ కాదు, ఇప్పటి ఐఎస్ఓ లెక్క. పాత లెక్కలోకి మారిస్తే 21 అవుతుంది. అంటే మా ఇరవైకీ ఇరవై రెండుకీ మధ్యలో, మేం ఎన్నడూ వాడని అంకె! తిరిగొచ్చిందనడానికి మనసొప్పదు. చుట్టరికం ఉంది, అంతే.

అసలు తిరిగి రావాల్సింది ఇందు. మన ఫిల్మ్ అది. 1960లో కేంద్ర ప్రభుత్వం హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. గాలి చల్లగా, శుభ్రంగా ఉంటుందని ఊటీ ఎంచుకున్నారు. ఫ్రాన్సుకి చెందిన బోషే కంపెనీ సాంకేతిక సాయం చేసింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు ఫిల్మ్, ఇందు బ్రోమైడ్ పేపరు, ఆస్పత్రులకి ఇందు ఎక్స్‌రే ఫిల్మ్. గ్రైన్ కాస్త మొరటుగా ఉండేదని పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆ మొరటు ఫిల్మ్ మీదే మన జిల్లాలో ఎందరో పరీక్ష హాల్ టిక్కెట్లకి ఫోటోలు దిగారు. 1996లో దాన్ని ఖాయిలా సంస్థగా ప్రకటించారు. ఆ తర్వాత సాగదీసి సాగదీసి, మిగిలిన ఉద్యోగులకి స్వచ్ఛంద విరమణ ఇచ్చి మూసేశారు. ఫెర్రానియాకి చిన్న యంత్రం ఉంది, చందాలిచ్చే ప్రపంచం ఉంది. ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ 2004లో కూలిపోతే, 2005లో అక్కడి మేనేజర్లు ఆరుగురు కలిసి బ్లాక్ అండ్ వైట్ విభాగాన్ని కొనేసి నిలబెట్టారు. ఊటీలో పని తెలిసినవాళ్ళు లేరనలేం, కొనడానికి ముందుకొచ్చినవాళ్ళే లేరు. ఇందు తిరిగొస్తుందని నేననుకోను.

సరే, ఆక్రోస్ రోలు ఆన్‌లైన్లో తెప్పించుకున్నారే అనుకోండి. ముప్ఫై ఆరు ఫోటోల రోలు వెయ్యి రూపాయలు దాటింది. తీశారు. ఎక్కడ కడుగుతారు?

మా కాలంలో డెవలపర్ కొనేవాళ్ళం కాదు, కలుపుకునేవాళ్ళం. కొడక్‌వాళ్ళ డీ-76 లెక్క ఇప్పటికీ నోటికొచ్చు: లీటరు నీళ్ళకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. బోరాక్స్ అంటే వెలిగారమే, బంగారప్పని వాళ్ళ దగ్గరుండేది. ఈ లెక్కలన్నీ 20 డిగ్రీల నీళ్ళకి. మే నెలలో మన కుళాయి నీళ్ళు 30 దాటి ఉంటాయి. ఆ వేడికి జెలటిన్ ఉబ్బి, మెత్తబడి, వేలు తగిలితే ఊడొస్తుంది. అందుకని రొయ్యలకి ఐసు పట్టే ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, తొట్టెలో పడేసి, అందులో డెవలపర్ సీసాలు నిలబెట్టేవాళ్ళం. ఐసు డెవలపర్‌లో వేయకూడదు, పలచబడిపోతుంది. పూత గట్టిపడటానికి హైపోలో పటిక కలిపేవాళ్ళం. రాజోలు, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్ళు ఉప్పు. అక్కడి స్టూడియోవాళ్ళు ఆఖరి కడుగుడుకి వాననీళ్ళు గుడ్డలో వడగట్టి దాచుకునేవారు. ఆరేసేటప్పుడు దుమ్ము ఇంకో గొడవ. అంబాజీపేట చుట్టూ కొబ్బరి పీచు మిల్లులుంటాయి కదా, తడి ఫిల్మ్‌కి నలుసు అంటిందంటే ప్రింటు మీద తెల్లగీత.

ఈ ఏర్పాటంతా ఫిల్మ్‌తోపాటే పోయింది. స్టూడియోలు డిజిటల్ అయ్యాక కూడా హైపో కొన్నాళ్ళు దొరికింది. ఎలాగంటారా? ఎక్స్‌రే వల్ల. ఆస్పత్రి డార్క్‌రూములోనూ అదే రసాయనం. వాడేసిన హైపోలో కరిగిన వెండి కోసం ఊళ్ళ వెంట తిరిగి కొనుక్కునేవాళ్ళు కూడా ఉండేవారు. ఎక్స్‌రే కూడా కంప్యూటర్లోకి వెళ్ళిపోయాక ఆ దారీ మూసుకుపోయింది. ఫిల్మ్ మళ్ళీ తయారుచేయడానికి జపాన్‌వాళ్ళకి ఏడాది పైన పట్టింది. అమలాపురంలో ఒక హైపో పొట్లం దొరకడానికి ఎంత పడుతుందో మీరే చెప్పండి.

అయినా చేసేవాళ్ళు చేస్తున్నారు. కొత్తపేట కుర్రాడొకడు ఆక్రోస్ 2 రోలు పట్టుకొచ్చాడు.

“సాయంత్రం చీకటిపడ్డాక గౌతమి ఒడ్డున తీశానండి బాబాయ్ గారూ.”

“ఎంతసేపు తెరిచావమ్మా?”

“రెండు నిమిషాలండి. లెక్క ఎంతొస్తే అంతే ఉంచాను.”

ఏ ఎన్‌పీ 22తోనో అయితే ఆ లెక్క సరిపోయేది కాదు. వెలుతురు బాగా తక్కువైతే ఫిల్మ్‌కి బద్ధకం వస్తుంది. లెక్క ప్రకారం పది సెకన్లు చాలేచోట ఇరవై, ముప్ఫై అడుగుతుంది. ఆక్రోస్ గొప్పతనం అక్కడుంది: 120 సెకన్ల దాకా దిద్దుబాటే అక్కర్లేదు. అక్కడి నుంచి 1000 సెకన్ల దాకా అర స్టాపు పెంచితే చాలు. వెలుతురు చొరబడని ట్యాంకులో రోలు చుట్టి, ఆన్‌లైన్లో తెప్పించిన రసాయనాలతో మా వంటింటి సింకు దగ్గరే కడిగాం. ఆ నెగెటివ్‌లో నది నీళ్ళలా లేదు, పాలమీగడలా పరుచుకుని ఉంది. ఆ ఫిల్మ్‌ని నేను ఒప్పుకున్నది అప్పుడే.

మన కోనసీమలో తీయాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. కనుమనాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, ఎరుపు, పచ్చ, పసుపు గుడ్డలతో. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద ఆ ఎరుపూ పచ్చా దాదాపు ఒకే బూడిదరంగులో పడి ప్రభ చప్పబడిపోతుంది. ఆక్రోస్‌కి ఎరుపు తక్కువ కనిపిస్తుంది, కాబట్టి ఎరుపు నల్లబడి విడిగా తేలుతుంది. ముఖాల మీద కుంకుమబొట్లు కూడా నల్లగా వస్తాయి, గమనించుకోండి. రెండోది కొబ్బరితోట. మిట్టమధ్యాహ్నం మట్టల సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడే చోట ఏ ఫిల్మూ సుఖపడదు. నీడని కొలిచి తీయండి, కడిగేటప్పుడు టైము అయిదో వంతు తగ్గించండి. పసుపు ఫిల్టరు పెడితే ఆకాశంలో మబ్బు నిలబడుతుంది.

ఇక ఫోటోలు తీయని వాళ్ళకీ ఒక పనుంది. ఆర్వో మీదా ఇందు మీదా తీసిన నెగెటివ్‌లు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నాయి. 1986 ఆగస్టు గోదావరి వరదవి, 1996 నవంబరు తుపానువి, పాత పెళ్ళిళ్ళవి. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ వెండి కాబట్టి రంగుల నెగెటివ్ కంటే ఎక్కువకాలం ఉంటుంది, మన ఉక్కకి బూజు పట్టకపోతే. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. గోడకి ఆనించిన బీరువా అడుగు అరలో ఉంచొద్దు, తేమ అక్కడే ఎక్కువ. స్కాన్ చేయించినా నెగెటివ్ పారేయొద్దు. డబ్బా మూత తీయగానే వెనిగర్ లాంటి పులుపు వాసన కొట్టిందా, ఫిల్మ్ ప్లాస్టిక్ కుళ్ళడం మొదలైందని అర్థం. ఒకదాని ఆవిరి పక్కవాటికి కూడా తగులుతుంది. ఆ రోలుని అప్పుడే విడిగా తీసి, ముందు దాన్నే స్కాన్‌కి ఇవ్వండి.