ట్రాక్టరుకు ఆయిలు మనమే మార్చుకుంటే

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ముదిగొండ పొలాలలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇంజన్ ఆయిలు మార్చాలంటే షెడ్డుకే పోనక్కరలేదు. ఇంజనును కొద్దిసేపు నడిపి ఆపితే ఆయిలు వెచ్చబడి పలచనవుతుంది, మసిని వెంటబెట్టుకొని దిగుతుంది. డ్రెయిన్ నట్టు విప్పి ఖాళీచేసి, మళ్ళీ బిగించి, ఫిల్టరు మార్చి, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకం ఆయిలు పోస్తే సరి. కూలి మిగులుతుంది.

ఆయిలు నల్లబడగానే చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. డీజిలు మసి ముద్దకట్టకుండా పట్టి ఉంచే ద్రవ్యాలు అందులో కలిపి ఉంటాయి. అవి పనిచేస్తున్నందుకే ఆ నలుపు. మార్చడానికి రంగు కాదు, ఇంజను నడిచిన గంటలు చూడాలి.

అసలు చిక్కు పాత ఆయిలుతోనే. "పంటకాలువలో పోశామండీ, నీళ్ళమీద ఇంద్రధనుస్సు తేలింది" అన్నాడు మా విద్యార్థి ఒకడు. కాంతి వ్యతికరణం పాఠానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు గాని, లెక్క కూడా వేయించాను. అటువంటి రంగులిచ్చే పొర మందం సుమారు మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఆ మందాన ఒక్క లీటరు పరచుకుంటే వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పది గుంటల నీటిని కప్పుతుంది! అందులో అరిగిన లోహపు పొడి కూడా ఉంటుంది.

2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. దానిని సేకరింపజేసి శుద్ధిచేయించే బాధ్యత 2024 ఏప్రిల్ 1 నుండి ఆయిలు తయారీదారులపై పడింది. ఇంట్లో మార్చుకొన్నవారు పాతదానిని మూతగల డబ్బాలో పట్టి, శుద్ధికి పంపే షెడ్డులో అప్పగించాలి. షెడ్డులో మార్పించినవారు అది ఎక్కడికి పోతున్నదో అడగాలి.