రాని ఆటకు వచ్చిన ఆటగాండ్రు

వైకుంఠపాళి పటము ముందు కూర్చున్న బాలునకు ఎక్కవలసిన నిచ్చెన ఏదో, మ్రింగు పాము ఏదో, చేరవలసిన గడి ఏదో ఆ పటమే చెప్పును. తడి ఇసుకలో పాదముంచి పిచ్చుకగూడు కట్టు బాలునకు అట్లు చెప్పువారు లేరు. అతడు గూడు కట్టవచ్చును, దానికి ప్రహరి పెట్టవచ్చును, ప్రక్కవాని గూటికి బాట వేయవచ్చును, కోపము వచ్చినచో కాలితో తన్ని పోవచ్చును. కంప్యూటరు ఆటలలో ఈ రెండవ జాతికి ఇంగ్లీషువారు ‘శాండ్‌బాక్స్’, అనగా ఇసుకతొట్టి, అని పేరిడిరి. ఇసుకకు బదులు నక్షత్రములను, గ్రహములను, అంతరిక్షనౌకలను ఉంచి, ఇంటర్నెట్టు ద్వారా దేశదేశములవారిని ఒకే తొట్టిలో దింపినచో, నేటి ప్రసంగమునకు విషయమైన ఆట యగును.

ఆకాశమున ఆడవలెనను కోరిక కంప్యూటరుతో పాటు పుట్టినదే. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 అను యంత్రముపై రెండు నౌకలు పోరు ‘స్పేస్‌వార్’ను రచించిరి. 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులైన డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనువారు ‘ఎలీట్’ అను ఆటలో 8 నక్షత్రమండలములను, మండలమునకు 256 చొప్పున లోకములను 32 కిలోబైట్ల యంత్రములో ఇమిడ్చిరి. 2003లో ఐస్‌లాండునుండి వెలువడిన ‘ఈవ్ ఆన్‌లైన్’లో వేలకొలది జనులు ఒకే విశ్వములో బేరములాడిరి, దండయాత్రలు చేసిరి. ఇవి యన్నియు వచ్చిన ఆటలు. నేను చెప్పదలచినది రాని ఆటను గూర్చి.

స్వీడను దేశస్థుడైన మార్కస్ పెర్సన్ అప్పటికే ‘మైన్‌క్రాఫ్ట్’ అను ఆటచే జగత్ప్రసిద్ధుడై యుండెను. 2012 ఏప్రిల్ 1వ తేదీన ఆయన ఒక అంతరిక్షపు ఆటను ప్రకటించి లోకమును నవ్వించెను. అది ఆ దినమునకు తగిన పరిహాసము. కొలది దినములలోనే మరియొక ప్రకటన వెలువడెను. ఇది నిజమైనది. నవ్వుచున్నవారు నవ్వు మాని చదువసాగిరి.

ఆ ఆట పేరే ఒక పొడుపుకథ. ‘సున్న ఎక్స్ పది’ అని వ్రాసి, దాని నెత్తిన చిన్నదిగా ‘సి’ అను అక్షరము నుంచిరి. దీనిని ఎట్లు పలుకవలెనో ఎవరికిని తెలియక, తలకొక తీరున పలికి, ఒకరి నొకరు దిద్దుకొనుచు చాలకాలము వినోదించిరి. అర్థము మాత్రము కష్టము కాదు. 1957కు ముందు మన రూపాయికి పదహారణాలు. పదునైదణాలవరకు అణాలే, పదహారు కాగానే ఒక రూపాయి, సున్న అణాలు. కంప్యూటరు పనివారు ఇట్లే పదహారులతో లెక్కింతురు. మొదట ‘సున్న ఎక్స్’ అని వ్రాయుట ఆ లెక్కకు గుర్తు. అందులో ఒకటి ప్రక్కన సున్న పెట్టినచో పదహారు. ‘సి’ అనగా పండ్రెండు. పదహారును పండ్రెండు మారులు వేసి గుణించినచో 28,14,74,97,67,10,656 వచ్చును. సుమారు 281 లక్షల కోట్లు.

అన్ని సంవత్సరములు ఒక మనుష్యుడు నిద్రపోయినాడనుటయే ఆటకు కథ. 1988లో నౌకాయాత్రికులకు దీర్ఘనిద్ర నిచ్చు పేటిక యొకటి అమ్మకమునకు వచ్చినదట. నిద్రాకాలమును తెలుపు సంఖ్యను నాలుగు భాగములుగా యంత్రమున కందింపవలెను. ఇచ్చిన యంత్రము ఒక కొననుండి వ్రాసెను. పుచ్చుకొన్న యంత్రము రెండవ కొననుండి చదివెను. ఇది మనకు క్రొత్త కాదు. శాసనములలోను కావ్యములలోను సంవత్సరమును మాటలలో చెప్పునపుడు అంకెలను కుడినుండి ఎడమకు గ్రహింపవలెనను సంప్రదాయము కలదు. ‘నేత్ర చంద్ర’ అన్నచో 12. ఆ మర్యాద తెలియనివాడు 21 అనుకొనును. మనకు అందువలన తొమ్మిదేండ్ల తేడా వచ్చును. పేటికలో పండుకొన్నవాడు ఒక్క యేడు నిద్ర కోరి, తన కాలమునకు 281 లక్షల కోట్ల యేండ్ల ఆవల లేచెను. క్రొత్త నక్షత్రముల పుట్టుక సుమారు 100 లక్షల కోట్ల సంవత్సరములలో ముగియునని ఖగోళజ్ఞుల అంచనా. కావున అతడు లేచునప్పటికి ఆకాశమున దీపములు ఆరిపోవుచుండును, దూరపు నక్షత్రమండలములు కనుమరుగై యుండును, కృష్ణబిలములదే రాజ్యము. హాస్యముతో మొదలై ఇంత చీకటిలోనికి దింపిన కథ ఆటలలో అరుదు.

అయినను జనులను పట్టి నిలిపినది కథ కాదు, నౌకలోని కంప్యూటరు. ఇతర ఆటలలో నౌక ముందరి మీటలు గోడమీద చిత్రించిన తలుపులవంటివి. ఇచట ప్రతి నౌకలోను నిజముగా పనిచేయు ఒక చిన్న కంప్యూటరు ఉండునని, తలుపులు తెరచుట మొదలు ఇంజనులను నడపుటవరకు అన్నిటిని ఆటగాడే దానిచే చేయించుకొనవచ్చునని పెర్సన్ ప్రకటించెను. దాని స్వరూపమును ఒక చిన్న పత్రమున వ్రాసి, ఆట యింకను లేకుండగనే, బయటపెట్టెను. పేరు డీసీపీయూ-16. జ్ఞాపకమునకు 65,536 గళ్ళు, ఒక్కొక్క గడిలో 16 బిట్లు, లెక్కలకు ఎనిమిది చిన్న అరలు. సెకనుకు లక్ష అడుగుల వేగము. తరువాత వచ్చిన తెర వివరము ప్రకారము అడ్డముగా 32 అక్షరములు, నిలువున 12 పంక్తులు. చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు సాధారణముగా ఈ యంత్రపు జ్ఞాపకమంతటికి పదిరెట్లకు మించిన చోటు పట్టును.

చోటు చాలనప్పుడే చమత్కారము పుట్టును. ఆ పత్రము వెలువడిన కొలది దినములలో, ఆటను కంటితోనైన చూడనివారు ఆ కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయ మొదలిడిరి. ప్రోగ్రామనగా ఇచట ఈ పత్రికలో అచ్చగు కార్యక్రమము కాదు, యంత్రమునకు వరుసగా ఇచ్చు ఆజ్ఞల పట్టిక. యంత్రమే లేనిదే ఆజ్ఞ లెవరికి? దానికిని ఉపాయము కనుగొనిరి. రేడియో నాటకమున గుర్రము లేకపోయినను కొబ్బరిచిప్పలు తట్టి డెక్కల చప్పుడు వినిపింతుము గదా! అట్లే తమ యింటి కంప్యూటరును ఆ 16 బిట్ల యంత్రమువలె నటింపజేయు అనుకరణులను పలు భాషలలో రచించిరి. కొన్ని బ్రౌజరులోనే నడచెను. ఆజ్ఞలను అంకెలుగా మార్చు సాధనములు, చిన్న ఆటలు, నౌకను పాలించుటకు పనికివచ్చు నియంత్రణ వ్యవస్థలు పుట్టెను. ఒకరి ప్రోగ్రాము మరియొకరి దానితో కుదురుటకై కొందరు సంఘముగా కూడి నియమములు వ్రాసికొనిరి. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని మనవారు నవ్వుదురు. వీరు సోమలింగమునకు పేరిడుటయే కాదు, బడిలో వేయుటకు దరఖాస్తు కూడ వ్రాసిరి.

పని యున్నచోట పరాచికములుండును. వైరసుల ప్రసక్తి మొదటినుండియు వచ్చెను. నిజమైన కంప్యూటరైనచో నిజమైన జబ్బులును దానికి రావలె గదా! ఊహించి చూడుడు: పాడుపడిన నౌకలో ఒక డిస్కు దొరకినది, దానిని తన యంత్రములో పెట్టిన వెఱ్ఱివాని నౌక తలుపులన్నియు ఒక్కసారి తెరచుకొన్నవి, లోని గాలి శూన్యములోనికి పోయినది. అట్టి డిస్కులను ఎర వేయుట యెట్లు, ఎర కందకుండుట యెట్లు అని తర్కించుకొనుట వారికి గొప్ప వేడుక. వాగ్దానముల పట్టికలో అతికించు పట్టీయును ఉండెను! గ్రహములపై దిగుట, గనులు త్రవ్వుట, వర్తకము, యుద్ధము అని గంభీరముగా పోవుచున్న పట్టికలో ఆ పట్టీ చుట్ట ఎట్లు చేరినదో గాని, దానిని మెచ్చనివారు లేరు. నౌక విరిగినచో శాస్త్రము తరువాత, ముందు పట్టీ వేయుడని పాత యంత్రములను నడపినవారెల్లరు ఎరుగుదురు.

హాస్యమునకు లోబడని సంగతియు ఒకటి కలదు: విద్యుత్తు. ప్రతి నౌకలోను ఒక జనరేటరు ఉండును. అది ఇచ్చు శక్తికి మితి కలదు. నౌకను శత్రువు కంటబడకుండ దాచు పరికరమును నడపవలెనన్నచో కంప్యూటరులను ఆపి, దీపములను తగ్గింపవలసి రావచ్చునని పెర్సన్ ఉదాహరించెను. కరెంటు పోయిన యింట ఇన్వర్టరుపై ఫాను తిరుగవలెనా, టీవీ నడువవలెనా అని వాదించుకొన్నవారికి ఇందలి రసము వేరుగ చెప్ప నక్కరలేదు. నియమము ఒక్కటే, చిన్నది. అయినను దాగియున్నవాని చీకటి, వాని భయము, వాని లెక్క అన్నియు దానినుండియే పుట్టుచున్నవి. ఆ ప్రకటన మొత్తములో నాకు మిక్కిలి నచ్చిన భాగ మిదియే.

రుసుము దగ్గర మాత్రము నవ్వులు తగ్గెను. ఒంటరిగా ఆడువారికి నెలసరి చందా లేదు. పదుగురు కలియు ‘మల్టీవర్స్’లో చేరువారికి ఉండవచ్చునని ప్రకటనలో వ్రాసిరి. ఆటగాడు నిద్రపోవుచున్నను వాని నౌకలోని కంప్యూటరును కంపెనీవారి యంత్రములు నడపుచునే యుండవలెను, కావున ఖర్చగును. ఇది న్యాయమేనని కొందరు, ఒకసారి కొన్న ఆటకు నెలనెల కప్పమేమని కొందరు వాదించిరి. లేని యింటికి అద్దె యెంతయని తగవులాడుటగా ఇది కనబడవచ్చును. కాని ఆ వాదములో ఒక నిజ మున్నది: ఎన్నడును ఆగని లోకమును నిలుపుటకు ఎవరో ఒకరు ప్రతి దినము విద్యుత్తు బిల్లు కట్టవలెను.

ఇక చిక్కు ఎచట వచ్చెను? మైన్‌క్రాఫ్ట్‌కును దీనికిని గల భేదమును చూడవలెను. మైన్‌క్రాఫ్ట్ తొలిరూపము 2009 మే నెలలోనే జనుల చేతికి వచ్చెను. పూర్తియైన ఆటగా వెలువడినది 2011 నవంబరులో. నడుమ రెండేండ్లకు పైగా ఆటగాండ్రు ఆడుచు సలహాలిచ్చిరి. ఇసుక అప్పటికే కాలి క్రింద నుండెను. “ఇచట నీరు పారిన బాగుండును” అన్నచో అది చూచి అన్న మాట. అంతరిక్షపు ఆటలో కాలి క్రింద ఇసుక లేదు. కంప్యూటరును గూర్చిన సలహాలకు పత్రము హద్దు చూపెను, కావున అవి పనిగా మారెను. తక్కినవాటికి హద్దు లేదు. ఒకడు గ్రహములపై వ్యవసాయము కోరును. ఒకడు వేలమంది యుద్ధము కోరును. మరియొకడు ఏకాంతము కోరును. అందరి కోరికలను ఇముడ్చుకొని, ఎవరును ఆడని ఆట ప్రతివాని మనస్సులోను వేరు వేరుగా పెరిగెను. మన పెద్దలు నేల విడిచిన సాము అన్నది ఇదియే. అంతరిక్షమున అది మరియు సులభము.

2012లోనే నౌక లోపల నడచుచున్నట్టి కొన్ని దృశ్యములను చూపిరి. 2013 ఏప్రిల్ నాటికి పని నిలిచినదని తెలిసెను. ఆగస్టులో పెర్సన్ ఆటను విడిచితినని స్పష్టము చేసెను. ఆ ఆటను ఆడవలెనని తనకును మిక్కిలి కోరికయే గాని దానిని నిర్మింపదగినవాడను ఇప్పుడు తాను కానని, జనుల చూపుల ఒత్తిడి తక్కువగా ఉన్నవారైనచో దానిని చక్కగా చేయగలరని, తాను ఇకమీదట చిన్న ఆటలు చేయుదునని ఆయన వ్రాసెను. చేసిన చిన్నపని నచ్చకపోయినచో నిశ్శబ్దముగా పారవేయు స్వాతంత్ర్యము శిల్పికి ఉండవలెను. లోకమంతయు కిటికీలోనుండి చూచుచుండగా చిత్తుప్రతిని చింపివేయుట కష్టము. ఇందు ఆటగాండ్రను నిందించుట నాకు సమ్మతము కాదు. వారిని పిలిచినది ప్రకటనయే. పెర్సన్‌ను వంచకుడనుటయు తగదు. ఆ ఆటకని ఆయన వారివద్ద ముందుగా సొమ్ము వసూలు చేయలేదు. అయినను, ప్రతిఫలము కోరక రాత్రులు మేలుకొని ప్రోగ్రాములు వ్రాసినవారికి కలిగిన నష్టము నష్టమే. 2014లో మైక్రోసాఫ్టువారు మోజాంగ్ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనినపుడు పెర్సన్ దానినుండి తప్పుకొనెను.

అభిమానులలో కొందరు ‘ట్రిల్లెక్’ అను పేర తామే అట్టి ఆటను నిర్మింప పూనుకొనిరి. అదియు పూర్ణరూపము దాల్చలేదు. వారు వ్రాసిన అనుకరణులు, భాషాసాధనములు మాత్రము ఎవరైనను తెరచి చూచునట్లు ఇంటర్నెట్టులో ఉంచిరి. సోమలింగము బడికి పోలేదు గాని, వాని కొరకు పలకా బలపము పట్టినవారిలో కొందరికి యంత్రము లోపల అంకెలు ఎట్లు కదలునో మొదటిసారి తెలిసినది ఆ 65,536 గళ్ళ మీదనే. ప్రోగ్రాము వ్రాయుట నేర్వదలచిన బాలబాలికలు మీ యింట నున్నచో, ఆ పత్రమును చదివి ఒక సాయంకాలములో దాని ఆజ్ఞలన్నిటిని తెలిసికొనవచ్చును. అది అంత చిన్నది.