కలివికోడి: పట్టుకోకుండా తెలుసుకోవడం

దక్షిణ భారతంలో వన్యప్రాణుల ఛాయాచిత్రణం అనగానే నాగరహొళె పులులో, నేలపట్టు గూడబాతులో గుర్తుకు వస్తాయి. అవి జీపులోనుంచో, చెరువుగట్టు మీదనుంచో చూడదగినవి. కడప జిల్లా లంకమల కొండల అంచున తిరిగే కలివికోడి అటువంటిది కాదు. పగలంతా పొదల నీడన అణగి ఉండి, రాత్రి మాత్రమే మేతకు వెళ్ళే ఈ పక్షిని వెతకడానికి కెమెరా ఒక్కటే సరిపోలేదు.

నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ పేరు ఈ పక్షి ఆంగ్లనామంలో ఉంది; 1848లో దీనికి శాస్త్రీయనామం పెట్టినవాడు ఎడ్వర్డ్ బ్లైత్. 1900 తరువాత ఇది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ అన్వేషణ సాగిస్తుండగా, 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు ఒక పక్షిని రాత్రివేళ పట్టుకున్నాడు. జాతి బతికే ఉందని తేలింది. పట్టుబడిన పక్షి మాత్రం బతకలేదు.

మరి, ముట్టకుండా, బెదరగొట్టకుండా ఒక పక్షి ఉనికిని రుజువు చేయడం ఎలా?

మొదటి ఉపాయం మట్టి. పొదల మధ్య నేలను చదునుచేసి, మెత్తని మట్టిని సన్నని పట్టీలుగా పరుస్తారు. రాత్రి నడిచిన ప్రాణుల అడుగులు తెల్లవారేసరికి అందులో అచ్చుపడి ఉంటాయి. కలివికోడికి వెనుకవేలు ఉండదు. మూడు వేళ్ళూ ముందుకే. కొన్ని తీతువులకు కూడా వేళ్ళు మూడే కనుక అడుగుల కొలతలను పోల్చి చూడాలి. అడుగులు దొరికినచోట, ప్రాణి అడ్డువచ్చినప్పుడు తనంతట తానే చిత్రం తీసే కెమెరాను అమర్చుతారు. మూడవ ఆధారం కూత. సూర్యాస్తమయం తరువాత కొద్దిసేపు మాత్రమే అది వినిపిస్తుంది.

ఇలా పోగుచేసిన వివరాలవల్ల ఈ పక్షికి కావలసిన చోటు ఎటువంటిదో తెలిసింది. మరీ దట్టమైన పొదలూ, మరీ బోడి నేలా దీనికి పనికిరావు. పొదల నడుమ అక్కడక్కడా ఖాళీ నేల ఉండాలి. పశువుల మేత, కట్టెల సేకరణ మితిమీరితే పొదలు నశిస్తాయి. పూర్తిగా ఆగిపోతే అవే అల్లుకుపోతాయి. కాబట్టి చుట్టుపక్కల పల్లెల జీవనాన్ని పక్కనపెట్టి ఈ పక్షిని రక్షించడం సాధ్యం కాదు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదనేలల్లోకి వచ్చినప్పుడు, పరిశోధకులు ఇటువంటి ఆధారాలతోనే అభ్యంతరం చెప్పగలిగారు. కాలువ దారి మారింది.

సెలవులకు స్వదేశం వెళ్ళి, పొడవాటి లెన్సుతో అడవి అంచులకు చేరే మనబోటివారికి ఇందులో పనికివచ్చే సంగతులున్నాయి. రికార్డు చేసిన కూతను పదేపదే వినిపిస్తే, అది మరో పక్షి అనుకుని ఆ ప్రాణి మేత మాని వెతుకులాడుతుంది. టార్చి వెలుగుతో వెంటాడితే చెదరిపోతుంది. గూడున్న చోటును చిత్రంతోపాటు ప్రకటిస్తే అక్కడికి మరికొందరు చేరుతారు. ఇటువంటి పక్షి విషయంలో, మట్టిమీద పడిన మూడువేళ్ళ అచ్చును కొలబద్దతో సహా తీసిన ఫొటో, దూరంనుంచి లాగి తీసిన మసక చిత్రంకన్నా పరిశోధనకు ఎక్కువ ఉపకరిస్తుంది.