బార్‌కోడు తప్పు పట్టేస్తుంది.. మరి పిన్‌కోడు?

ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ ఆర్డరు.. అంతా ఆన్‌లైన్ అయిపోయిందనుకున్నా ఇవి ఇంకా పోస్టులో వస్తూనే ఉన్నాయి. స్పీడ్‌పోస్టు కవరు మీద నల్లగీతల బార్‌కోడు మీరు చూసే ఉంటారు. అందులో మీ ఊరి పేరు దాగి ఉంటుందనుకుంటున్నారా? లేదు. దాని పక్కనే అచ్చయి ఉండే 13 అక్షరాల నంబరే ఆ గీతల్లోనూ ఉంటుంది.

ఉదాహరణకు ‘ఈఎన్ 123456785 ఐఎన్’ తీసుకుందాం. మొదటి ‘ఈ’ అంటే స్పీడ్‌పోస్టు తరగతి. చివరి ‘ఐఎన్’ అంటే ఇండియా. మధ్యలో తొలి ఎనిమిది అంకెలు మీ కవరుకు ఇచ్చిన వరస సంఖ్య. తొమ్మిదోది కాపలా అంకె. రీజనింగ్ ప్రాక్టీస్ చేసేవారికి ఇది సరదా లెక్కే. ఎనిమిది అంకెలనూ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కలపండి. 204 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 6. దాన్ని 11లోంచి తీసేస్తే 5. అదే తొమ్మిదో అంకె. (10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు.) ట్రాకింగ్‌లో కొట్టేటప్పుడు 6, 7 తారుమారయ్యాయనుకోండి. మొత్తం 200 అవుతుంది, చివర 9 రావాలి. ఉన్నది 5. తప్పు అక్కడే దొరికిపోతుంది.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఉత్తరాల మీద వేసే 65 గీతల కోడులో చిరునామా తాలూకు జిప్ కోడు కూడా ఇమిడిపోతుంది. మన దగ్గర కవరుకు దారి చూపేది పిన్‌కోడే. సంస్కృత కవి కూడా అయిన తపాలా అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది.

మొవ్వ మండలంలోని కూచిపూడి పిన్ 521136 చూడండి. మొదటి 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల ప్రాంతం. 521 వరకు చదివితే కృష్ణా వైపు సార్టింగ్ జిల్లా. మచిలీపట్నం 521001, గుడివాడ 521301, అవనిగడ్డ 521121.. అన్నీ అందులోవే. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి.

చిక్కేమిటంటే, పిన్‌లో కాపలా అంకె లేదు! 521 బదులు 522 పడిందనుకోండి, అదీ చెల్లే సంఖ్యే. గుంటూరు వైపుది. బార్‌కోడు ఎంత సరిగ్గా ఉన్నా కవరు కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు పోవచ్చు. సార్టింగ్‌లో ఎవరైనా ఊరి పేరు చదివి పట్టుకుంటే మీ అదృష్టం. లేదంటే చివరి తేదీ దాటిపోతుంది.

జిల్లా పేరు చూసి పిన్ ఊహించినా పొరపాటే. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లింది. పిన్ మాత్రం పాత 521333. హాస్టల్లో ఉంటూ ఇంటి చిరునామా ఇచ్చేవారు మరీ జాగ్రత్త. ఊరి పేరు ఒకచోటిది, పిన్ ఇంకోచోటిది కలిపేయొద్దు.

ఇక 2025 మేలో తపాలాశాఖ ‘డిజిపిన్’ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇందులో భాగస్వాములు. దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి 10 అక్షరాల కోడు ఇచ్చారు. చేలగట్టున, కాలవ ఒడ్డున డోర్ నంబర్ లేని ఇంటికీ కోడు ఉన్నట్టే. అయితే ఇది పిన్‌కు బదులు కాదు. దరఖాస్తులో అడిగేది ఇప్పటికీ ఆ ఆరంకెలే. పంపేముందు తపాలాశాఖ వెబ్‌సైట్‌లో మీ పోస్టాఫీసు పేరు కొట్టి ఒకసారి సరిచూసుకోండి.