మాట వినని కొడుకు, తోరా శిక్ష: అపోహలు – వాస్తవాలు

సోలాపూర్ మరమగ్గాల పేటల్లో స్థిరపడిన మన పద్మశాలీల కులదైవం మార్కండేయుడు. పదహారేళ్లకే ఆయువు తీరాల్సి ఉండగా మృత్యువే వెనుదిరిగిన బాలుడు. శ్రావణ పున్నమికి ఆయన రథం ఊరేగుతుంది. అంతటి పిల్లవాణ్ని కొలిచే మన ఇళ్లలోనూ మాట వినని కొడుక్కి దెబ్బలే మందనే నమ్మకం పోలేదు. దానికి బలంగా కొందరు బైబిల్‌నూ చూపిస్తారు, ముఖ్యంగా అందులోని మొదటి అయిదు కాండాలైన తోరాను.

అపోహ: కొడుకును చంపే హక్కును తోరా తండ్రికిచ్చింది.

వాస్తవం: ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఉన్నది ఘోరమైన శిక్షే, దాచనక్కర్లేదు. తిరగబడి, తిండిపోతై, తాగుబోతైన కొడుకును రాళ్లతో కొట్టి చంపాలనే ఉంది. అయితే తీర్పు తండ్రిది కాదు. తల్లీ తండ్రీ కలిసి ఊరి గవిని దగ్గర పెద్దల ముందు ఫిర్యాదు చేయాలి. ప్రాచీన రోములోనైతే బిడ్డల ప్రాణం మీద ఇంటి యజమానికే చట్టం అధికారమిచ్చింది.

అపోహ: యూదులు ఈ శిక్షను మామూలుగా అమలు చేసేవారు.

వాస్తవం: క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో రబ్బీలు (మతగురువులు) దీని చుట్టూ షరతుల కంచె కట్టారు. పసివాడికి వర్తించదు, గడ్డం పెరిగినవాడికీ వర్తించదు. కూతురికి అసలే లేదు. తండ్రి సొత్తు దొంగిలించి, పరాయిచోట ఇంత మాంసం తిని, ఇంత ద్రాక్షసారా తాగి ఉండాలి. మొదటిసారి ముగ్గురు న్యాయాధిపతుల ముందు హెచ్చరిక, కొరడా దెబ్బలు; మళ్లీ తప్పితేనే 23 మంది ముందు విచారణ. తల్లిదండ్రుల్లో ఒక్కరు కాదన్నా కేసు నిలవదు. ఈ లెక్కన ప్రహ్లాదుణ్ని హిరణ్యకశిపుడు ఏమీ చేయలేకపోయేవాడు, తల్లి లీలావతి ఒప్పుకోదు కదా! తల్లీ తండ్రీ గొంతులో, రూపంలో, ఎత్తులో ఒకేలా ఉండాలని కూడా మిష్నాపై చర్చల సంకలనమైన తాల్ముద్‌లో రబ్బీ యెహూదా పేరిట చర్చ ఉంది. అలాంటి కొడుకు ఎన్నడూ పుట్టలేదు, పుట్టబోడని కూడా అక్కడే తేల్చారు. రబ్బీ యోనాతాన్ మాత్రం తాను చూశానన్నాడు. ఆ అసమ్మతినీ తాల్ముద్ భద్రపరిచింది. నన్ను అడిగితే, శాస్త్రాన్ని కొట్టిపారేయకుండానే బిడ్డను కాపాడిన ఆ పట్టుదల గొప్పది.

అపోహ: బెత్తం విడవొద్దన్నది తోరా ఆజ్ఞ.

వాస్తవం: ఆ మాట తోరా అయిదు కాండాల్లోది కాదు, సామెతల గ్రంథంలోది. పైగా ఎదిగిన కొడుకును కొట్టడం తప్పని తాల్ముద్ చెబుతుంది. కొడితే వాణ్ని తిరగబడే పాపంలోకి తోసినట్టేనని దాని వాదం.

ఇక మన దేశ చట్టాల సంగతికొస్తే, బడిలో పిల్లల్ని కొట్టడాన్ని మన విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ఇంట్లోనైనా పిల్లల్ని హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. కొడుకు దారి తప్పుతున్నాడనిపిస్తే ముందు తల్లిదండ్రులిద్దరూ కూర్చుని వాడి మాట వినండి, బడిలో పంతుల్ని కలవండి. ఎక్కడైనా పిల్లవాడు దెబ్బలు తింటున్నాడని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.