కాంటెస్సాలో రోజూ తణుకు

పొద్దున్న ఎనిమిదింపావుకి మా ఇంటి ముందు సెల్ఫ్ కొట్టిన చప్పుడు వినిపిస్తే పక్కింటి మామ్మగారు స్టవ్ మీద పాలు పెడతారు. అంత టంచనుగా నడుస్తోంది మా కాంటెస్సా. 1989 మోడల్. అంటే నాకంటే పెద్దది. మా ఆవిడ తణుకులో బ్యాంకు ఉద్యోగి. ఆమెని దింపి, వెనక్కొచ్చి, పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చుంటా. సాయంత్రం మళ్లీ ఇదే. పెనుగొండలో ఉండి హైదరాబాద్ కంపెనీకి కోడ్ రాసే నాలాంటి వాడికి రోజు మొత్తంలో అసలైన డ్రైవింగ్ అంటే అదే.

"ఇది ఇండియన్ మజిల్ కార్ కదా బ్రో" అంటూ పెట్రోల్ బంకులో ఎవరో ఒకరు ఫోటో తీసుకుంటారు. నిజం చెప్పాలంటే సగమే కరెక్టు. మజిల్ కార్ అనగానే చాలామంది 1964 నాటి పాంటియాక్ జీటీఓ దగ్గర మొదలుపెడతారు. మామూలు సైజు బండిలో భారీ ఇంజిన్ పెట్టడమే అక్కడి ఫార్ములా. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బ్రిటన్ కారు వాక్స్‌హాల్ విక్టర్ డిజైన్ తెచ్చుకుని, బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 1984లో కాంటెస్సా మొదలుపెట్టారు. పొడుగాటి బానెట్, చదును డిక్కీ, వెడల్పు మూతి. కానీ లోపల పెట్టింది 50 హార్స్‌పవర్ పాత 1.5 లీటర్ ఇంజిన్. మీసాలు మజిల్ కారువి, ఊపిరి అంబాసిడర్‌ది! తర్వాత ఇసుజు 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్, అయిదు గేర్లు వచ్చాకే బండికి ప్రాణం వచ్చింది. మాది అదే. 2002లో కంపెనీ దాన్ని ఆపేసింది.

ఈ కారు మొదట మా నాన్న గుమాస్తాగా చేసిన రైస్ మిల్లు ఓనరుగారిది. ఆయన కొత్త కారు కొనుక్కున్నప్పుడు నాన్న దీన్ని వాయిదాల మీద తీసుకున్నారు. ఒకప్పుడు తను డోరు తీసి పట్టుకున్న కారులో అమ్మని వాసవీ అమ్మవారి గుడికి తీసుకెళ్లిన రోజు గురించి ఇప్పటికీ చెబుతారు. మోకాళ్లు అరిగాక నడపడం మానేశారు. మూడేళ్లు టార్పాలిన్ కింద పడుంది. అమ్మేద్దామంటే ఒక పూట అన్నం తినలేదు. సరే, అలా అయితే నడిపి చూద్దాం అన్నాను.

ఇక్కడే ఫ్రెండ్స్ ఎంటరయ్యారు. "ఇంజిన్ పీకేసి కొత్త టర్బో డీజిల్ వేసెయ్ రా, రీల్ పెడితే మిలియన్ వ్యూస్". ఆశపడ్డాను, అబద్ధమెందుకు! కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారుల అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. పైగా యాభై ఏళ్లు నిండలేదు కాబట్టి ఇది వింటేజ్ కారూ కాదు. నిండినా లాభం లేదు, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ పనికి తిప్పకూడదు. మామూలు కారులాగే అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. 600 ఉన్న ఫీజు 2022లో 5,000 అయింది, 2024లో కట్టాను. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000. 2029 కోసం ఇప్పట్నుంచే దాస్తున్నా.

కాబట్టి ఇంజిన్ ముట్టుకోలేదు. తణుకులో ఒక ముసలి మెకానిక్ ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. "ముందు ఆగడం చూడండి బాబూ, పరిగెత్తడం తర్వాత చూద్దాం" అన్నారు. బ్రేకు గొట్టాలు, హోసులు, మాస్టర్ సిలిండర్, రేడియల్ టైర్లు... మొదటి నెల జీతం వాటికే పోయింది. రెండోది వేడి. మే నెల మధ్యాహ్నం మా గుడి వీధిలో యాత్రికుల బస్సు వెనక ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు సరసరా పైకి ఎక్కేది. రేడియేటర్ కోర్ మార్చి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించా. ఏసీలో పాత ఆర్-12 గ్యాస్ ఓజోన్‌కి చేటని ఎప్పుడో ఆపేశారు, దాన్ని 134-ఎ కి మార్చాం. మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, మెత్తబడి చెమరుస్తాయి. అన్నీ మార్చి కార్బురేటర్ జెట్లు సరిచేశాం. ఇందులో ఒక తమాషా ఉంది. ఇథనాల్ గాల్లో తేమని లాగుతుంది, నిలవుంటే ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. అంటే ఈ బండిని దాచుకోవడం కంటే రోజూ నడపడమే దానికి మంచిది. నాన్నకి ఈ పాయింట్ తెగ నచ్చింది.

నాలుగోది స్టీరింగ్. నేను తప్పు చేసింది అక్కడే.

నిలబెట్టిన చోట చక్రం తిప్పాలంటే భుజాలు పడిపోయేవి. పాత చిన్న కారునించి తీసిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటార్ కొనుక్కొచ్చి బిగించా. వేలితో తిరిగింది! సంబరంలో లెక్క వేసుకోలేదు. కొత్త ఫ్యాన్ 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, హెడ్‌లైట్లు పది, ఏసీ బ్లోయర్, వైపర్లు, ఇంక మలుపులో స్టీరింగ్ మోటార్ ఒక్కసారే ముప్ఫై దాటుతుంది. ఆల్టర్నేటర్ మాత్రం 1989 నాటిదే. ఆఫీసులో ఎవరైనా కెపాసిటీ చూడకుండా ఫీచర్లన్నీ లైవ్ చేస్తే నేనే అరుస్తా.

ఆగస్టులో ఒక రాత్రి, కుండపోత. తణుకు నుంచి వస్తున్నాం. పక్క సీట్లో మా ఆవిడ, వెనక నాన్న. అన్నీ ఆన్‌లో ఉన్నాయి. హెడ్‌లైట్లు పచ్చబడుతుంటే వాన వల్ల అనుకున్నా. కాలవ పక్కన మలుపులో సగం తిరిగాక స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. వోల్టేజ్ పడిపోయి మోటార్ ఆగిపోయింది. వేలితో తిప్పడం అలవాటైన చేతికి ఆ బరువు అందేలోపు ముందు చక్రం గట్టు మట్టిలోకి దిగింది. రెండు చేతులా లాగి, బ్రేకు తొక్కా. ఆగింది. కింద నీళ్ల చప్పుడు వినపడుతోంది.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా ఆవిడ, "రేపట్నుంచి నేను బస్సులో వెళ్తానండి" అంది. నాన్న ఏదో అనబోయి ఆగిపోయారు.

పదిహేను రోజులు బస్సులోనే వెళ్లింది. ఈలోగా మేం డబుల్ కెపాసిటీ ఆల్టర్నేటర్, లావు వైర్లు, కొత్త ఎర్తింగ్, ప్రతి లోడుకీ వేరే ఫ్యూజు, రిలే వేశాం. డ్యాష్‌బోర్డులో వోల్ట్‌మీటర్ పెట్టాను. స్టీరింగ్ సాయం కూడా తగ్గించేశా, మోటార్ ఆగినా చెయ్యి తడబడకుండా. బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, కావాలనే మోటార్ ఫ్యూజు తీసేసి రెండు రోజులు నడిపాను. ఆ తర్వాతే మా ఆవిడని మళ్లీ ఎక్కమన్నాను. ఇప్పుడు కారెక్కగానే ఆమె ముందు చూసేది ఆ మీటరే.

మైలేజీ అడక్కండి. లీటరుకి ఎనిమిది వస్తే పండగ. ముందు అద్దం రబ్బరు బీడింగు కోసం నాలుగు నెలలు వెతికా. అయినా సిద్ధాంతం వైపు సాయంత్రం ఎండలో ఆ పొడుగాటి బానెట్ చూస్తూ మూడో గేర్లో వెళ్తుంటే... సర్లెండి, అది చెప్తే అర్థమయ్యేది కాదు.

ఒకటి మాత్రం ఏ మెకానిక్కూ బిగించలేడు. ఈ కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. గుద్దుకుంటే ఆ దెబ్బని తను తీసుకునేలా దీని ఒళ్లు ఈ కాలపు కార్లలా కట్టలేదు. అందుకే హైవే ఎక్కించను, అరవై దాటించను. డిసెంబర్లో మా ఇంటికి ఇంకో మనిషి వస్తోంది. ఆ బుల్లి మనిషికి వేరే కారు బుక్ చేశాం. ఆస్పత్రి నుంచి మనవరాలినో మనవణ్నో కాంటెస్సాలోనే తేవాలని నాన్న సీటు కవర్లు కూడా ఉతికించి పెట్టారు. కుదరదని ఇంకా చెప్పలేదు. ఆయన ఫోన్లో ఈ పత్రిక వస్తుంది, చూసుకుంటారు.