కిరీటం వేరు, అధికారం వేరు: తెరపై యువ పీటర్

రష్యా చక్రవర్తి మహా పీటర్ తొలినాళ్లను చిత్రించిన చారిత్రక చలనచిత్రం ‘పీటర్ యౌవనం’. సెర్గేయ్ గెరాసిమోవ్ దర్శకత్వంలో, తూర్పు జర్మనీ సహకారంతో, 1980లో సోవియట్ యూనియన్‌లో ఇది రూపొందింది. అలెక్సేయ్ తోల్‌స్తోయ్ నవల ‘మొదటి పీటర్’ దీనికి ఆధారం. పీటర్‌గా ద్మిత్రీ జొలోతూఖిన్, సవతి అక్క సోఫియాగా నతాల్యా బొందర్చూక్ నటించారు. సింహాసనం ఎక్కడానికీ, రాజ్యం చేతికి రావడానికీ మధ్య ఎంత దూరముంటుందో తెలిపే గాథ ఇది.

ఒకే సింహాసనం, ఇద్దరు జార్లు

1682లో జార్ ఫ్యోదర్ వారసుడు లేకుండా మరణించాడు. తమ్ముడు ఇవాన్ రోగపీడితుడు. సవతి తమ్ముడు పీటర్‌కు అప్పటికి పదేళ్లయినా నిండలేదు. అయినా పీటర్‌నే జార్‌గా ప్రకటించారు. దానితో ఇద్దరు రాణుల పుట్టినింటి వారి మధ్య వైరం రగిలింది. ఇవాన్‌ను చంపేశారన్న వదంతి నమ్మి, స్త్రెల్త్సీ అనే తుపాకీ దళాలవారు క్రెమ్లిన్‌పైకి దూసుకువచ్చారు. పీటర్ తల్లి నతాల్యా బాలురిద్దరినీ వెలుపలికి తీసుకువచ్చి చూపినా హత్యాకాండ ఆగలేదు. ఆమె ఆప్తులు, సోదరులు హతులయ్యారు.

చివరకు ఇవాన్, పీటర్‌లను జంట జార్లుగా నిలిపి, సోఫియా రాజప్రతినిధిగా పాలన చేపట్టింది. నాటి జంట సింహాసనం నేటికీ మాస్కో క్రెమ్లిన్ ఆయుధశాలలో ఉంది. దాని వెనుక ఒక రంధ్రం కనిపిస్తుంది. చాటునుండి బాలురకు సమాధానాలు అందించడానికే దానిని అమర్చారని చెబుతారు.

ఆటసైన్యమే అండ

తల్లితో ప్రెయొబ్రజెన్‌స్కొయె గ్రామంలో పెరిగిన పీటర్ ఈడువారిని పోగుచేసి యుద్ధపుటాటలు ఆడాడు. ఆ ఆటసైన్యమే క్రమంగా నిజమైన రెజిమెంట్లుగా ఎదిగింది. సమీపంలోని విదేశీయుల పేటలో అతడు కొత్త విద్యలు తెలుసుకున్నాడు.

1689 ఆగస్టులో ఒక రాత్రి, స్త్రెల్త్సీలు దాడికి వస్తున్నారని వార్త అందింది. పదిహేడేళ్ల పీటర్ పడకదుస్తులతోనే గుర్రమెక్కి పారిపోయి, త్రిత్వ మఠం చేరాడు. అక్కడినుండి దళాలకు ఆజ్ఞలు పంపాడు. వెళ్లవద్దని సోఫియా శాసించినా సైనికులు ఒక్కొక్క దళంగా మఠానికి తరలివెళ్లారు. రాజీ కుదర్చడానికి ఆమె పంపిన మతగురువు అక్కడే ఉండిపోయాడు. విదేశీ సేనానులూ అతని పక్షం చేరారు. పెద్ద యుద్ధమేదీ లేకుండానే సోఫియా పాలన ముగిసింది. ఆమెను కన్యాశ్రమానికి పంపారు.

తెర చూపనిది

కథ పీటర్ వైపునుండి సాగడం వలన సోఫియా ప్రతినాయికగా కనిపించడం సహజం. కాని 1686లో పోలండ్‌తో శాశ్వత శాంతి ఒప్పందం, 1689లో చైనాతో నెర్చిన్‌స్క్ సంధి కుదిరినది ఆమె పాలనలోనే. మరొకవైపు, క్రిమియాపై జరిపిన రెండు దండయాత్రల వైఫల్యం ఆమె ప్రతిష్ఠను దెబ్బతీసింది.

సోఫియా పతనంతోనే పీటర్ పాలన మొదలుకాలేదు. 1694లో మరణించేవరకు తల్లి పక్షమే వ్యవహారాలు నడిపింది. 1696లో ఇవాన్ మరణంతో పీటర్ ఏకైక జార్ అయ్యాడు. చిన్ననాటి భయం మాత్రం అతనిని వీడలేదు. 1698లో మళ్లీ తిరగబడిన స్త్రెల్త్సీలలో వెయ్యిమందికి పైగా ఉరికంబాలకూ గొడ్డళ్లకూ బలయ్యారు. పెద్దల పగలు పసివాని కళ్లెదుట పారించిన నెత్తురుకు, పదహారేళ్ల తరువాత ఒక దేశం చెల్లించిన మూల్యమది.